జంతువుల కార్నివాల్: సాఁసాఁస్ ఈ రచనను ఎందుకు దాచిపెట్టారు?

కృష్ణాతీరం (ఆదివారం, ఉదయం 7:40)

సభ్యులందరికీ నమస్కారం. మా అమ్మాయికి పదకొండేళ్ళు. మూడేళ్ళుగా చెలో (వయొలిన్ కుటుంబంలోని పెద్ద తంత్రీవాద్యం) నేర్చుకుంటోంది. వచ్చే నెల బడిలో జరిగే కచేరీలో ‘హంస’ అనే చిన్న రచన వాయించబోతోంది. రోజూ సాయంత్రం వంటింట్లో పని చేసుకుంటూ దాన్ని వింటున్నాను కాబట్టి నాకు కూడా నోటికి వచ్చేసింది. ఇది ఒక విడి రచన అనే ఇన్నాళ్ళూ అనుకున్నాను. కానీ ఫ్రెంచి స్వరకర్త కమీల్ సాన్‌సాన్స్ 1886లో రాసిన ‘జంతువుల కార్నివాల్’లో ఇది పదమూడవ భాగమని నిన్ననే తెలిసింది. వెంటనే కూర్చుని పద్నాలుగు భాగాలూ వరుసగా విన్నాను. మొత్తం కలిపి ఇరవై అయిదు నిమిషాలకు మించి లేదు. సింహం, కోళ్ళు, తాబేళ్ళు, ఏనుగు, కంగారూలు, చేపలు, కోకిల, పక్షులు, చివరికి శిలాజాలు కూడా ఉన్నాయి.

రెండు సందేహాలు కలిగాయి. స్వరకర్త తాను బతికి ఉన్నంతకాలం ఈ రచనను అచ్చు వేయనివ్వలేదని చదివాను. ఇంత ఆహ్లాదంగా ఉన్నదాన్ని ఆయన ఎందుకు దాచుకున్నారు? రెండవది, ఇది పిల్లల కోసం రాసినదేనా? కొన్ని భాగాలు వింటున్నప్పుడు, పక్క గదిలో నలుగురు కూర్చుని నాకు తెలియని మనిషి గురించి చెప్పుకుని నవ్వుకుంటున్నట్టు అనిపించింది. ఉదాహరణకు, తాబేళ్ళ భాగంలో నెమ్మదితనం తప్ప నాకేమీ వినిపించలేదు. తెలిసినవారు వివరించగలరు.

పాత రికార్డులు (ఆదివారం, ఉదయం 9:15)

ముందు పేరు సంగతి చూద్దాం. ఫ్రెంచివారు ఆ పేరును ‘సాఁసాఁస్’ అని ముక్కుతో పలుకుతారు, చివరి ‘స్’ కూడా వినిపిస్తుంది. బడి పుస్తకాల నుంచి ఎప్పుడో వెళ్ళిపోయిన మన అరసున్నకు ఇన్నాళ్ళకు ఒక పని దొరికింది కాబట్టి ఇకపై నేను అలాగే రాస్తాను.

ఆయన 1835లో పారిస్‌లో పుట్టారు. పదేళ్ళ వయసులో మొదటి బహిరంగ కచేరీ ఇచ్చి, చివర్లో శ్రోతలు మళ్ళీ వాయించమంటే, బేతోవెన్ పియానో సొనాటాలు ముప్పై రెండింటిలో ఏది కోరినా చూడకుండా వాయిస్తానన్న బాలమేధావి ఆయన. తరువాత మాదలేన్ చర్చిలో 1858 నుంచి దాదాపు ఇరవై ఏళ్ళు ఆర్గన్ వాయించారు. ఖగోళశాస్త్రం మీద ఎంత ఇష్టమంటే, ఒక రచనకు వచ్చిన డబ్బుతో టెలిస్కోపు కొనుక్కున్నారు.

ఇక 1886 సంగతి. ఆ ఏడాది మొదట్లో ఆయన జర్మనీలో కచేరీల పర్యటనకు వెళ్ళారు. అంతకుముందు జర్మన్ స్వరకర్త వాగ్నర్ సంగీతం గురించి ఆయన రాసిన విమర్శలు అక్కడివారికి కోపం తెప్పించడంతో కొన్నిచోట్ల కచేరీలు రద్దయ్యాయి, మరికొన్నిచోట్ల చేదు అనుభవమే మిగిలింది. అక్కడి నుంచి ఆస్ట్రియాలోని ఒక చిన్న పల్లెకు చేరుకుని, విశ్రాంతిగా ఉన్న ఆ కొద్ది రోజుల్లో ఈ రచన పూర్తి చేశారు. నిజానికి అప్పుడు ఆయన చేతిలో ఉన్న పని వేరు. లండన్‌లోని ఫిల్‌హార్మోనిక్ సంఘం కోసం మూడవ సింఫనీ, అంటే ఆర్కెస్ట్రా కోసం ఒక పెద్ద రచన, రాయవలసి ఉంది. సింఫనీ పని పక్కన పెట్టానని తనకూ తెలుసునని, అయినా ఇది మహా సరదాగా ఉందని ప్రచురణకర్త ద్యురాఁకు ఉత్తరం రాశారు.

తొలి ప్రదర్శన 1886 మార్చి 9న, చెలో విద్వాంసుడు షార్ల్ లబూక్ ఏర్పాటు చేసిన ఆంతరంగిక సభలో జరిగింది. అది క్రైస్తవుల నలభై రోజుల ఉపవాసాలకు ముందు వచ్చే మంగళవారం. ఉపవాసం మొదలయ్యేలోపు తినవలసినదంతా తిని, వేయవలసిన వేషాలన్నీ వేసి, ఎవరినైనా వెక్కిరించడానికి అనుమతి ఉన్న రోజు. ఆ సంగతి మనసులో పెట్టుకోకపోతే ఈ రచన సగమే అర్థమవుతుంది. రెండు పియానోలలో ఒకటి సాఁసాఁస్, రెండవది లూయీ దియెమేర్ వాయించారు. కొద్ది వారాల తరువాత, హంగరీ స్వరకర్త లిస్ట్ పారిస్ వచ్చి దీన్ని వినాలని కోరితే, గాయని పోలీన్ వియార్దో ఇంట్లో మళ్ళీ వాయించారు. ఆ తరువాత ‘హంస’ ఒక్కటీ 1887లో అచ్చయింది. మిగతాదంతా తన మరణం తరువాతే అచ్చు వేయాలని ఆయన వీలునామాలో రాశారు. 1921 డిసెంబరులో అల్జీర్స్‌లో కన్నుమూశారు. రెండు నెలలు తిరిగేసరికి, 1922 ఫిబ్రవరిలో, పారిస్‌లో తొలి బహిరంగ ప్రదర్శన జరిగింది. ముప్పై ఆరేళ్ళు పెట్టెలో ఉన్న రచన ఇది.

తంత్రీనాదం (ఆదివారం, ఉదయం 11:02)

తాబేళ్ళ సంగతి నేను చెబుతాను. మీకు వినిపించిన ఆ నెమ్మదైన రాగం నిజానికి నెమ్మదైనది కాదు. ఒఫెన్‌బాఖ్ 1858లో రాసిన ‘పాతాళంలో ఆర్ఫియస్’ అనే హాస్య ఆపెరా చివర్లో వచ్చే పరుగు నాట్యపు వరుస అది. పారిస్‌లో కాన్‌కాన్ పేరుతో ఆడవాళ్ళు లంగా కుచ్చెళ్ళు ఎగరేస్తూ, కాళ్ళు తలదాకా లేపి ఆడే నాట్యానికి ఆ వరుసే గుర్తు. సాఁసాఁస్ ఒక్క స్వరం కూడా జోకు కోసం వంకర తిప్పలేదు. వేగం మాత్రం ఎన్నో రెట్లు తగ్గించి తంత్రీవాద్యాల చేత వాయింపించారు, పైన పియానో మూడేసి స్వరాల గుంపులుగా అడుగులో అడుగు వేస్తూ ఉంటుంది. ముందు అసలు కాన్‌కాన్ ఒకసారి విని, ఆ వెంటనే తాబేళ్ళు వినండి. పక్క గదిలోని నవ్వు మీకు తెలిసిపోతుంది.

ఏనుగు భాగంలోనూ అదే ఉపాయం, కానీ తలకిందులుగా వాడారు. అక్కడ వేగాన్ని కాకుండా ఎత్తును మార్చారు. బెర్లియోజ్ రాసిన ‘ఫౌస్ట్ శాపం’లో గాలిలో తేలే అప్సరసల వంటి సిల్ఫుల నాట్యం ఒకటి ఉంది. మెండెల్సన్ ‘నడివేసవి రాత్రి కల’ సంగీతంలో పిట్ట రెక్కలంత తేలికైన ఒక స్కెర్జో, అంటే చురుకైన రచన, ఉంది. ఈ రెండూ పై స్థాయిలో, నాజూకుగా వినిపించవలసినవి. వాటిని తీసుకువచ్చి డబుల్ బేస్ మీద, అంటే మొత్తం బృందంలో అన్నిటికన్నా లావైన, కింది స్థాయి వాద్యం మీద పెట్టారు.

నేను విద్యార్థి బృందంలో డబుల్ బేస్ వాయించేవాణ్ణి కాబట్టి ఈ భాగాన్ని లోపలి నుంచి చూశాను. ఆ వాద్యం మనిషి కన్నా పొడవు. తీగలు చూపుడువేలు కింద తాడులా తగులుతాయి. మెండెల్సన్ స్కెర్జో ముక్క వచ్చేసరికి ఎడమచేయి మెట్ల మీద పరుగెత్తినట్టు పైకీ కిందికీ పోవాలి, కమాను మాత్రం తొందరపడకూడదు. తొందరపడితే తీగ గరగరమంటుంది, జనం నవ్వుతారు, కానీ తప్పు చోట నవ్వుతారు. మా గురువుగారు ఒకటే మాట చెప్పేవారు. ఏనుగు తాను బరువైనదాన్నని ఎప్పుడూ అనుకోదు, అందువల్ల దాన్ని వాల్ట్జ్ నాట్యంలాగే, పూర్తి గాంభీర్యంతో వాయించాలి. వాయించేవాడు నవ్వితే జోకు చచ్చిపోతుంది.

హరికాంభోజి (ఆదివారం, మధ్యాహ్నం 1:30)

పాశ్చాత్య సంగీతంలో నాకు లోతైన పరిచయం లేదు. నేను గాత్రం పాడుకునే దాన్ని. తంత్రీనాదం గారి వివరణ చదివి ఏనుగు భాగాన్ని మూడుసార్లు విన్నాను. నాకు నవ్వు రాలేదు, పైగా అందంగా తోచింది. మన కావ్యాలలో నాయికను గజగమన అంటే పొగడ్త. హంసగమన అన్నా పొగడ్తే. నడకకు మన కవులు ఏనుగునూ హంసనూ ఒకే పంక్తిలో కూర్చోబెట్టారు. సాఁసాఁస్ అయితే ఒకదాన్ని వెక్కిరింపుకు, ఇంకొకదాన్ని సౌందర్యానికి వాడుకున్నారు. ఏనుగును ఊరేగింపులో చూసినవాళ్ళకూ, జంతుప్రదర్శనశాలలో కటకటాల వెనక చూసినవాళ్ళకూ ఉన్న తేడా కాదు కదా ఇది?

తంత్రీనాదం (ఆదివారం, మధ్యాహ్నం 2:10)

అమ్మా, మీ మాటను కాదనలేను. అయితే ఈ వెక్కిరింపు ఏనుగు మీద కన్నా బెర్లియోజ్ మీద, మెండెల్సన్ మీద ఎక్కువ ఉందని నా అభిప్రాయం. వారి సిల్ఫులు అంత సుతారమైనవైతే ఒక్కసారి ఈ బరువు మోసి చూపించండి అన్నట్టుంది. పైగా ఆ వరుసలు బరువు మోసినా చెడిపోలేదు. అది కూడా ఒక రకమైన పొగడ్తేనని ఇప్పుడు మీరు అన్న తరువాత నాకు తోస్తోంది.

జంతుశాస్త్రం మాస్టారు (ఆదివారం, సాయంత్రం 5:45)

ముప్పై ఏళ్ళు పాఠం చెప్పిన అలవాటు కొద్దీ ఈ జంతువుల పట్టికలోకి తొంగి చూడకుండా ఉండలేకపోతున్నాను. దీనికి సాఁసాఁస్ పెట్టిన ఉపశీర్షిక ‘మహా జంతుశాస్త్ర ఫాంటసీ’ కాబట్టి నాకు అధికారం ఉందనే అనుకుంటున్నాను.

మూడవ భాగం పేరు ‘ఎమియోన్’. చాలామంది దీన్ని ‘వేగమైన జంతువులు’ అని మాత్రమే రాసి వదిలేస్తారు. నిజానికి ఇది ఆసియా అడవి గాడిద. ఆ జాతికి చెందినవే గుజరాత్‌లో కచ్ లిటిల్ రణ్‌లో ఇప్పటికీ బతికి ఉన్న అడవి గాడిదలు, అంటే పద్నాలుగు భాగాలలోనూ మన దేశపు మట్టి మీద ఇంకా పరుగెత్తుతున్న చుట్టం ఒకటి ఇక్కడ దొరికింది. ఆ ఉప్పు మైదానంలో అది గంటకు 60 కిలోమీటర్లకు పైగా వేగంతో పోగలదు. సంగీతంలో ఈ భాగానికి రెండు పియానోలు తప్ప మరో వాద్యం లేదు. నాలుగు చేతులూ ఒకే స్వరాలను వేర్వేరు స్థాయిల్లో పట్టుకుని పై నుంచి కిందికీ కింద నుంచి పైకీ దౌడు తీస్తాయి. శ్రుతి కూడికలు లేవు, తోడు లేదు, నిలిచే చోటు లేదు. మైదానంలో దుమ్ము తప్ప ఏమీ కనిపించని పరుగు అది.

తొమ్మిదవ భాగం ‘అడవి లోతులో కోకిల’. ఇక్కడ మన తెలుగు శ్రోతలకు ఒక పొరపాటు జరిగే అవకాశం ఉంది. మన మామిడితోటల్లో కూసే కోయిల వేరు, ఐరోపా కుకూ వేరు. రెండూ ఒకే కుటుంబానివే, రెండూ గుడ్లను పరాయి గూళ్ళలోనే పెడతాయి. కానీ మన కోయిల కూత కింది నుంచి పైకి ఎగబాకుతుంది, ఒక్కో కూతకూ ఇంకాస్త పైకి పోతుంది. ఐరోపా పక్షి పై స్వరం నుంచి కింది స్వరానికి దిగుతుంది. అందుకే ఈ భాగం మొదటిసారి విన్నప్పుడు ఇదేం కోకిల అని నాకు అనిపించింది. పియానోలు అడవిలా మెల్లగా శ్రుతులు పరుస్తుంటే, క్లారినెట్ ఆ రెండు స్వరాలే మళ్ళీ మళ్ళీ పలుకుతుంది. వాయించేవాడు వేదిక మీద కనబడకూడదని, తెర వెనక నుంచి వాయించాలని స్వరకర్త సూచించారు. కోకిలను విన్నవాళ్ళెందరు, చూసినవాళ్ళెందరు? జంతుశాస్త్రం దృష్టిలో ఈ రచన మొత్తంలో అన్నిటికన్నా నిజమైన పరిశీలన ఆ ఒక్క సూచనలోనే ఉంది.

హరికాంభోజి (ఆదివారం, సాయంత్రం 6:20)

మాస్టారూ, మీరు చెప్పినది పెట్టి చూశాను. ఆ కూత మన లెక్కలో అంతర గాంధారం నుంచి షడ్జానికి దిగినట్టుంది. కోకిలది పంచమ స్వరమని చిన్నప్పుడు చదివిన మన శాస్త్రానికి ఈ పక్షి బొత్తిగా లొంగలేదు.

రెండో వరుస (ఆదివారం, రాత్రి 9:05)

అందరూ మురిసిపోతున్న చోట కొంచెం ఇబ్బందికరమైన మాట చెప్పవలసి వస్తోంది, మన్నించండి. సాఁసాఁస్ దీన్ని దాచిపెట్టి సరైన పనే చేశారని నా నమ్మకం. అదే 1886 మే నెలలో లండన్‌లో తొలిసారి వినిపించిన ఆయన మూడవ సింఫనీని, ఆర్గన్ ఉన్న ఆ మహా నిర్మాణాన్ని ఎవరైనా ఒకసారి వినండి. తన చేతనైనదంతా అందులో ధారపోశానని, అలాంటిది మరి చేయలేనని ఆయన స్వయంగా అన్నారు. అటువంటి మనిషిని నేడు లోకం గుర్తుపెట్టుకున్నది గాడిద ఓండ్రలకూ, కోళ్ళ కొక్కొక్కోకూ. ఆయన భయపడినదే జరిగింది.

ఇంకొక మాట. దీన్ని ఆర్కెస్ట్రా రచన అని ప్రచారం చేస్తున్నారు. మూలంలో ఉన్నది పదకొండు మంది మాత్రమే. రెండు పియానోలు, రెండు వయొలిన్లు, ఒక వయోలా, ఒక చెలో, ఒక డబుల్ బేస్, ఒక ఫ్లూట్, ఒక క్లారినెట్, ఒక గాజు హార్మోనికా, ఒక జైలోఫోన్ (చెక్క పలకలను కొట్టి వాయించేది). ఒక పెద్ద గదిలో స్నేహితులు కూర్చుని వాయించుకునే సామగ్రి ఇది. పెద్ద పెద్ద ఆర్కెస్ట్రాలు తంత్రీవాద్యాలను పదుల సంఖ్యలో పెట్టి దీన్ని వాయించినప్పుడు, ఇంట్లో చెప్పుకున్న పరాచికాన్ని మైకు పెట్టి ఊరంతటికీ వినిపించినట్టు ఉంటుంది.

పాత రికార్డులు (సోమవారం, ఉదయం 8:30)

రెండో వరుస గారి రెండవ పేరాతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. పదకొండు మందితో విన్నప్పుడే దీని అందం. మొదటి పేరాతో మాత్రం ఏకీభవించలేను.

ఇది సోమరిగా గిలికిన పరాచికం కాదు. శిలాజాల భాగం చూడండి. జైలోఫోన్ ఎముకలు టకటకలాడినట్టు మొదలుపెట్టే ఆ వరుస సాఁసాఁస్ సొంత రచన ‘మృత్యు నాట్యం’లోది. 1874లో రాసిన ఆ రచనలో అస్థిపంజరాలు స్మశానంలో ఆడే దృశ్యానికి ఆయన జైలోఫోన్ వాడారు. దాని పక్కనే మన పిల్లలు ‘ట్వింకిల్ ట్వింకిల్’ అని పాడుకునే పాత ఫ్రెంచి వరుస, ‘వెన్నెల వెలుగులో’ అనే మరో పిల్లల పాట, రోసీని ఆపెరా ‘సెవిల్ క్షురకుడు’లో నాయిక రోసీనా పాట వస్తాయి. వీటన్నిటి మధ్య ‘సిరియాకు బయలుదేరుతూ’ అనే పాట ఒకటి దూరుతుంది. మూడవ నెపోలియన్ పాలనలో అది దాదాపు జాతీయగీతంలా వెలిగింది. 1870లో ఆ ప్రభుత్వం కూలిపోయింది. పదహారేళ్ళు గడిచేసరికి ఆ పాట శిలాజం అయిపోయిందని చెప్పడానికి ఆయనకు ఒక్క వాక్యం కూడా అవసరం కాలేదు. అంతకన్నా గొప్ప సంగతి, ఆ ఎముకల కుప్పలో మొదటి ఎముక తనదే పెట్టుకున్నారు. తరువాతి కాలంలో స్వరకర్త డెబ్యుసీ తరంవారు ఆయనను పాతకాలపు మనిషిగా పక్కకు నెట్టినప్పుడు, ఆ మాట ఆయన తన గురించి తాను అప్పటికే చెప్పుకున్నారని వారికి తెలియదు. రచన పెట్టెలో ఉంది కదా!

ఇక గాడిదల మాట. ఎనిమిదవ భాగం పేరులో గాడిద అన్న పదమే లేదు. ‘పొడవు చెవుల పెద్దమనుషులు’ అని మర్యాదగా రాశారు. రెండు వయొలిన్లు మాత్రమే, ఒకటి పైన కీచుమంటే ఒకటి కింద బొంగురుపోతుంది. ఒక నిమిషం కూడా ఉండదు. ఇవి సంగీత విమర్శకుల మీద బాణమని చాలాకాలంగా అనుకుంటున్నారు. జర్మనీలో తిన్న దెబ్బ ఇంకా పచ్చిగా ఉన్న రోజులవి, పైగా ఆయన కూడా పత్రికలకు విమర్శలు రాసేవారు. ఒంటెల పెళ్ళికి గాడిదలు పాటకచేరీ చేసి ‘అహో రూపం, అహో ధ్వనిః’ అని ఒకరినొకరు పొగుడుకున్న మన శ్లోకం నాకు ఇక్కడ ప్రతిసారీ గుర్తుకు వస్తుంది. చివరి భాగంలో సింహం, కోళ్ళు, కంగారూలు వరుసగా తొంగిచూసిన తరువాత, అంతా ముగిసిపోయే ముందు వినిపించేది ఆ ఓండ్రలే. అందరినీ నవ్వించిన మనిషి, చివరి నవ్వును మాత్రం విమర్శకులకే వదిలిపెట్టారు.

రెండో వరుస (సోమవారం, ఉదయం 10:12)

శిలాజాల గురించి మీరు రాసినది చదివిన తరువాత ఆ భాగాన్ని మళ్ళీ విన్నాను. దానివరకు నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. కంగారూల విషయంలో మాత్రం తీసుకోను. రెండు పియానోలు వంతులవారీగా గెంతుతాయి, పైకి పోయేటప్పుడు వేగం, కిందికి దిగేటప్పుడు నిదానం. అంతకు మించి అందులో ఏమీ లేదు. పేరుకు తగ్గట్టు కొంచెం కంగారు ఉంది, అంతే.

కృష్ణాతీరం (సోమవారం, మధ్యాహ్నం 12:50)

ఒక చిన్న ప్రశ్నకు ఇంతమంది ఇంత ఓపికగా సమాధానం ఇస్తారని అనుకోలేదు. తాబేళ్ళ జోకు నిన్న రాత్రి మా అమ్మాయికి చెప్పాను. కాన్‌కాన్ విని, తాబేళ్ళు విని, సోఫా మీద నుంచి దొర్లిపడి నవ్వింది. నాకు ఇంకొక సందేహం మిగిలింది. ఏడవ భాగం ‘అక్వేరియం’లో చుక్కలు చుక్కలుగా మెరిసే ఒక శబ్దం ఉంది. అది ఏ వాద్యం? రెండో వరుస గారు గాజు హార్మోనికా అని రాశారు, మన హార్మోనియం లాంటిదా?

తంత్రీనాదం (సోమవారం, మధ్యాహ్నం 3:25)

హార్మోనియానికీ దానికీ పేరులోనే చుట్టరికం. అమెరికా రాజనీతిజ్ఞుడు, శాస్త్రవేత్త బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1761లో రూపొందించిన వాద్యం అది. వేర్వేరు పరిమాణాల గాజు గిన్నెలను ఒకదానిలో ఒకటి ఇమిడేలా ఒకే ఇరుసుకు గుచ్చి తిప్పుతారు. తిరుగుతున్న అంచులను తడివేళ్ళతో తాకితే అవి పాడతాయి. నేడు ఆ వాద్యం ఉన్న బృందాలు బహు తక్కువ కాబట్టి మీరు విన్న రికార్డులో గ్లాకెన్‌స్పీల్ గానీ, మీటలు నొక్కి లోహపు పలకలను మోగించే చెలెస్టా గానీ వాయించి ఉండే అవకాశమే ఎక్కువ. మీరు ‘చుక్కలు’ అన్నారు కాబట్టి నాకు ఆ అనుమానం బలపడుతోంది. గ్లాకెన్‌స్పీల్ లోహపు పలకలను కొడితే మోగుతుంది, అందువల్ల శబ్దం చుక్కలా పడుతుంది. గాజు హార్మోనికాలో చుక్క ఉండదు, తడి గీత ఉంటుంది. అసలు వాద్యంతో చేసిన రికార్డు దొరికితే వెతికి వినండి, నీళ్ళు వేరుగా వినిపిస్తాయి.

హరికాంభోజి (సోమవారం, సాయంత్రం 4:40)

మన జలతరంగం నీళ్ళు పోసిన పింగాణీ గిన్నెలను పుల్లలతో కొట్టేది కాబట్టి, ఆ లెక్కన అది గ్లాకెన్‌స్పీల్‌కే దగ్గర అన్నమాట. నేను ఇన్నాళ్ళూ గాజు హార్మోనికాను జలతరంగానికి అక్కగా అనుకునేదాన్ని.

కృష్ణాతీరం గారూ, మీ అమ్మాయి వాయించే ‘హంస’ గురించి నేను గమనించిన ఒక సంగతి చెబుతాను. దాని శ్రుతిని షడ్జంగా పెట్టుకుంటే స్థూలంగా శంకరాభరణ స్వరాలు. మొదటి ఎత్తుగడ పై షడ్జంతో మొదలై ‘స ని గ ద ప స’ అని దిగి, అక్కడి నుంచి ‘రి గ మ’ అని మెట్లెక్కుతుంది. రాసుకుని చూస్తే ఎంత విచిత్రమైన నడకో తెలుస్తుంది. నిషాదం నుంచి ఒక్క ఊపున గాంధారానికి దూకి, మళ్ళీ ధైవతానికి ఎగిరి, పంచమం తాకి, కింది షడ్జానికి జారడం. మన గాత్రంలో ఇన్ని దూకుళ్ళు ఒకే ఊపిరిలో పెడితే గురువుగారు ఆపమంటారు. అయినా చెలో మీద ఒక్క కుదుపు వినపడదు. నీటిపైన మెడ కదలకుండా ఉంటుంది, కింద కాళ్ళు ఎక్కడెక్కడికో పోతుంటాయి.

తంత్రీనాదం (సోమవారం, సాయంత్రం 5:30)

అమ్మా, మీరు చెప్పిన ఆ కాళ్ళు పియానోలలో కూడా ఉన్నాయి. ఒక పియానో ఆపకుండా సన్నని అలలు పుట్టిస్తుంది, రెండవది తీగలు మీటినట్టు శ్రుతులు విప్పుతుంది. అమ్మాయికి చెప్పవలసినది ఒకటే. ఆ దూకుళ్ళ దగ్గర తీగ మారేటప్పుడు కమాను బరువు మారకూడదు. అద్దం ముందు కూర్చుని కుడి మోచేతిని చూసుకుంటూ వాయించమనండి. మోచేయి ముందుగా వెళ్ళి ఆ తీగ ఎత్తులో సిద్ధంగా ఉంటే స్వరం తనంతట తానే వస్తుంది. ఇంకొకటి, ఈ భాగాన్ని చాలామంది ఏడుపుపాటలా సాగదీస్తారు. అలా చేయవద్దని చెప్పండి.

పాత రికార్డులు (సోమవారం, రాత్రి 8:15)

ఆ సాగదీతకు కారణం నృత్యం. రష్యా నర్తకి అన్నా పావ్లోవా కోసం మిఖాయిల్ ఫోకిన్ ఇరవయ్యో శతాబ్దపు తొలి ఏళ్ళలో ఈ సంగీతానికి ఒక చిన్న నృత్యం కూర్చారు. అది ‘మరణిస్తున్న హంస’గా ప్రపంచమంతా తిరిగింది, పావ్లోవా దాన్ని వేలసార్లు ఆడారు. మన దేశానికి కూడా ఆమె పర్యటనలకు వచ్చారు. ఉదయశంకర్ ఆమెతో కలిసి ఆడినదీ, రుక్మిణీదేవి నృత్యం వైపు మళ్ళడంలో ఆమె ప్రోత్సాహం ఉన్నదీ చాలామందికి తెలిసిన సంగతే. కానీ సాఁసాఁస్ రాసిన పేరు ‘హంస’ మాత్రమే. అది చచ్చిపోతోందని ఆయన ఎక్కడా రాయలేదు. ఈ భాగాన్ని తన స్నేహితుడు లబూక్ వాయించడానికి కుదిరేలా, ఆ వెక్కిరింపుల మధ్య ఒక్క చోట నవ్వు ఆపి రాశారు. నవ్వు ఆపినచోటునే అచ్చుకు ఇచ్చారు. అందువల్ల మీ మొదటి ప్రశ్నకు నా జవాబు ఇది. ఆయన పరువు గురించి జాగ్రత్తపడి ఉండవచ్చు గానీ, అంతకన్నా ఇది ఎవరి మధ్య చెప్పుకున్న జోకో వారి మధ్యనే ఉండాలని అనుకున్నారు. ఒఫెన్‌బాఖ్, బెర్లియోజ్ అప్పటికే లేరు, కానీ వారి సంగీతాన్ని పట్టుకుని పాకులాడే విమర్శకులు ఉన్నారు.

జంతుశాస్త్రం మాస్టారు (సోమవారం, రాత్రి 9:00)

దీనికి తెలుగు పేరు ఏమి పెట్టాలన్న సంగతి ఎవరూ ఎత్తలేదు. ‘జంతువుల జాతర’ అంటే ఎలా ఉంటుంది? వేషాలు, డప్పులు, వెక్కిరింపులు, తినడాలు అన్నీ కలిసి వస్తాయి.

రెండో వరుస (సోమవారం, రాత్రి 9:20)

మాస్టారూ, మన జాతరలో జంతువులకు జరిగే మర్యాద తెలిసి కూడా ఆ పేరు పెడతారా? కోళ్ళు రెండవ భాగంలోనే ఉన్నాయి.

జంతుశాస్త్రం మాస్టారు (సోమవారం, రాత్రి 9:31)

ఉపసంహరించుకుంటున్నాను. ‘కార్నివాల్’ అనే ఉండనివ్వండి.

హరికాంభోజి (మంగళవారం, ఉదయం 6:50)

పదకొండవ భాగం గురించి ఎవరూ మాట్లాడలేదేమి? నాకు అన్నిటికన్నా నచ్చినది అదే. జంతువుల మధ్య ‘పియానో వాయించేవారు’ అని ఒక జాతిని పెట్టడం ఒక ఎత్తు, వారి చేత కచేరీ కాకుండా సాధన చేయించడం ఇంకొక ఎత్తు. ఒక శ్రుతిలో ఆరోహణ అవరోహణ, తరువాత ఒక మెట్టు పైకి జరిగి మళ్ళీ అదే, మళ్ళీ అదే. ఒక్కొక్కసారి చేతులు కలవవు. తడబడుతూ, కొత్తగా నేర్చుకునేవారిలాగా వాయించాలని అచ్చుప్రతిలోనే సూచన ఉందట. నా దగ్గర నలుగురు పిల్లలు ఉదయం ఆరింటికి సరళీ స్వరాలతో మొదలుపెట్టి, జంట స్వరాలకు వచ్చేసరికి ఒకరు ముందు ఒకరు వెనక అయిపోతుంటారు. ఈ రోజు పాఠం అయ్యాక ఈ భాగం వాళ్ళకు వినిపించాను. ఎనిమిదేళ్ళ పిల్ల ఒకతి, ‘వాళ్ళకు కూడా తాళం తప్పుతుందా అత్తా’ అని అడిగింది. ఇది పిల్లల కోసమా, పెద్దల కోసమా అన్న రెండవ ప్రశ్నకు నా దగ్గర ఉన్నది ఇదే.

కృష్ణాతీరం (మంగళవారం, రాత్రి 10:05)

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. తంత్రీనాదం గారూ, అద్దం పెట్టాం. మొదటి రోజు మోచేతిని చూస్తూ స్వరాలు మర్చిపోయింది, రెండవ రోజు కుదిరింది. రెండో వరుస గారూ, మూడవ సింఫనీ కూడా విన్నాను. చివరి భాగంలో ఆర్గన్ ఒక్కసారిగా తెరుచుకున్నప్పుడు మా ఇంటి కిటికీ అద్దాలు అదిరాయి, పై అంతస్తువారు వచ్చి తలుపు కొట్టారు.

ఇంకొక వార్త. కచేరీలో హంసతో పాటు కోకిల కూడా వాయిద్దామని వాళ్ళ టీచరుగారు నిశ్చయించారు. క్లారినెట్ పిల్లవాడిని హాలు బయట నడవాలో నిలబెట్టి, తలుపు జానెడు తెరిచి ఉంచుతారట. ఎప్పుడు కూయాలో సైగ చేయడానికి తలుపు దగ్గర ఒక మనిషి కావాలి. ఆ పని నాకు అప్పగించారు.